ఎవరి రేపు? రిపోర్టెడ్ స్పీచ్‌తో నా అనుభవం

తిరుపతిలో హోటల్ రిసెప్షన్ ఉద్యోగమంటే తాళాలివ్వడం, ఆధార్ కార్డులు చూడటం, బిల్లు కట్టించుకోవడం అనుకుంటారు. అవన్నీ ఉన్నాయి. కానీ వీటన్నిటికంటే పెద్ద పని ఒకరి మాటను ఇంకొకరికి చేర్చడం. గెస్ట్ అన్నది హౌస్‌కీపింగ్‌కి చెప్పాలి. డ్రైవర్ అన్నది గెస్ట్‌కి చెప్పాలి. రాత్రి ఎవరెవరు ఏమన్నారో పొద్దుటి షిఫ్టు వాళ్ళకు రాసిపెట్టాలి. నోటిమాటైతే తెలుగో, తమిళమో, వచ్చినంత హిందీయో ఏదో ఒకటి నడుస్తుంది. రాత దగ్గరికొచ్చేసరికి అంతా ఇంగ్లీషే. ఆ రాత కోసమే నేను రిపోర్టెడ్ స్పీచ్‌ని, అంటే ఒకరన్న మాటను మన వైపు నుంచి ఇంగ్లీషులో చెప్పే పద్ధతిని, మొదటినుంచి మళ్ళీ నేర్చుకున్నాను.

మళ్ళీ అని ఎందుకంటున్నానంటే, టెన్త్‌లో ఈ పాఠం చదవని వాళ్ళు మన దగ్గర ఎవరుంటారు? పాకాల దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం చదివిన నాకు కూడా ఇది మార్కులు తెచ్చిపెట్టిన ప్రశ్నే. ఇన్వర్టెడ్ కామాలు తీసెయ్, 'దట్' పెట్టు. 'సెడ్ టు' ఉంటే 'టోల్డ్' చెయ్. 'ఈజ్' పోయి 'వజ్' వస్తుంది, 'విల్' పోయి 'వుడ్' వస్తుంది, 'టుమారో' పోయి 'ద నెక్స్ట్ డే' వస్తుంది. ఈ పట్టిక నోటికొస్తే వాక్యం అర్థం కాకపోయినా జవాబు వచ్చేస్తుంది. డిగ్రీ అయ్యాక కొన్న పోటీ పరీక్షల పుస్తకాల్లోనూ ఇదే పట్టిక. అయితే పరీక్షలో మార్చాల్సిన ఇంగ్లీషు వాక్యం కాగితం మీద సిద్ధంగా ఉంటుంది. కౌంటర్ ముందు నిలబడ్డ మనిషి తనకొచ్చిన భాషలో గబగబా నాలుగు మాటలు చెప్పి లిఫ్ట్ ఎక్కేస్తాడు. ఇంగ్లీషు డైరెక్ట్ స్పీచ్, అంటే ఆయన నోట్లోంచి వచ్చిన ఇంగ్లీషు వాక్యం, అక్కడ పుట్టనే పుట్టదు. ఇక పట్టికను దేనికి తగిలించాలి?

మా హోటల్ నుంచి ఆర్టీసీ బస్టాండుకి నడిచి వెళ్ళొచ్చు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కొండకు వెళ్ళేవాళ్ళే. రాత్రి రెండుకో మూడుకో స్నానాలు చేసి బయల్దేరతారు, దర్శనం చేసుకుని ఎప్పుడు దిగొస్తారో వాళ్ళకే తెలియదు. అందుకని మాకు రాత్రి షిఫ్టు లాగ్‌బుక్ ప్రాణం లాంటిది. చూడటానికి మామూలు పొడుగు రిజిస్టరే. టైము, రూము నంబరు, విషయం, సంతకం, నాలుగు గడులు. ఆ 'విషయం' గడిలో దాదాపు ప్రతి లైనూ ఎవరో ఏదో అన్న మాటే.

కొత్తలో పని అర్థం చేసుకుందామని పాత పేజీలు తిరగేసేదాన్ని. ఒక పేజీ ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. పైన తేదీ 14. రాత్రి 11.50కి ఒక లైను: 204 గెస్ట్, 'ఐ విల్ వెకేట్ టుమారో'. దాని కిందనే 12.20కి ఇంకో లైను: 311 గెస్ట్, 'టుమారో మార్నింగ్ క్యాబ్ వాంటెడ్'. రెంటికీ మధ్య అరగంటే తేడా. కానీ మధ్యలో అర్ధరాత్రి దాటిపోయింది. 204 వాళ్ళ రేపు 15వ తేదీ, అందులో అనుమానం లేదు. 311 వాళ్ళ రేపు ఏది? గడియారం ప్రకారం చూస్తే 16. కానీ ఇంకా నిద్రపోని మనిషి లెక్కలో ఆ రాత్రి ఇంకా 14వ తేదీ రాత్రే కదా, ఆయన రేపంటే తెల్లారితే వచ్చే 15 కావచ్చు. పొద్దున ఆరు గంటలకు డ్యూటీ ఎక్కి ఆ పేజీ తెరిచిన మనిషికి రెండూ 16లాగే కనిపిస్తాయి. ఒక గెస్ట్ కారు కోసం ఎదురుచూస్తూ నిలబడాలి, ఇంకొకాయన రూము ఖాళీ అవుతుందో లేదో తెలియక బుకింగ్ ఆపుకోవాలి.

'టుమారో' కాస్తా 'ద నెక్స్ట్ డే' ఎందుకవుతుందో ఆ పేజీ చూసినప్పుడే నాకు బోధపడింది. అది పరీక్ష పేపరు వాళ్ళు పెట్టిన మెలిక కాదు. మాట పుట్టిన రోజు ఒకటి, ఆ మాటను చదివే రోజు ఇంకొకటి. మధ్యలో ఉన్న మనిషి ఆ తేడాను సరిచేసి అందించాలి.

ఇది సొంతంగా తేలే వ్యవహారం కాదనిపించి మా ఇంటి ఓనరమ్మను అడిగాను. బైరాగిపట్టెడలో మేం అద్దెకుండేది ఆవిడ ఇంట్లోనే, పై వాటాలో. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. వీధిలో అందరూ టీచరమ్మ అంటారు, నాకు మేడం. సాయంత్రం డ్యూటీ లేని రోజుల్లో వరండాలో కూర్చోబెట్టుకుని చెప్పేవారు. నేను గ్రామర్ పుస్తకం పట్టుకెళ్తే పక్కన పెట్టేయించారు.

"పుస్తకం తర్వాత చూద్దాం. ఆ పేజీలో 204 ఆయప్ప ఏమన్న్యాడో తెలుగులో చెప్పు మొదట."

"రేపు ఖాళీ చేస్తానన్నాడు మేడం."

"చేస్తాను అనింది ఎవురమ్మా? నువ్వా, ఆయప్పా?"

ఆయనే. నా వాక్యంలో 'చేస్తాను' నాది కాదు, ఆ గెస్ట్‌ది. పుట్టినప్పటి నుంచీ ఇలాంటి వాక్యాలు రోజుకెన్నో వాడుతున్నా ఆ 'ను' ఎవరిదో నేనెప్పుడూ పట్టించుకోలేదు. బడిలో తెలుగు పాఠంలో ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం అని చెబుతారు, గుర్తుందా? 'నేను రాను' అని రవి అన్నాడు, ఇది ప్రత్యక్షం. రవి తాను రానని అన్నాడు, ఇది పరోక్షం. నేను పోయి తాను వచ్చింది. మరి 'రాను'? అది రవి నోట్లో ఎలా ఉందో అలాగే ఉంది. సర్వనామం మారుతుంది, క్రియ మారదు. మాట్లాడేటప్పుడైతే ఆ 'తాను' కూడా ఉండదు, 'రానన్నాడు' అంటే సరిపోతుంది.

మేడం దీన్నే ఇంకోలా చెప్పారు. తెలుగులో పక్కింటి కూరను వాళ్ళ గిన్నెతోనే తెచ్చుకుంటాం, ఇంగ్లీషులో మన గిన్నెలోకి వంపుకోవాలి అని. మన గిన్నె అంటే నేను నిలబడ్డ చోటు, నేను చెబుతున్న వేళ, నేను అనే మనిషి. ఆయన 'ఐ' నాకు 'హి' అవుతుంది. ఆయన 'విల్' నాకు 'వుడ్' అవుతుంది. ఆయన 'టుమారో' నాకు 'ద నెక్స్ట్ డే' అవుతుంది. ఈ మూడూ మూడు సూత్రాలని అంతకుముందు అనుకునేదాన్ని. మూడింటికీ ప్రశ్న ఒకటే: ఇప్పుడు మాట్లాడుతున్నది ఎవరు, ఎప్పుడు, ఎక్కడినుంచి?

తిరుపతిలో ఉండి ఇది నేర్చుకోవడంలో ఒక సౌకర్యం ఉంది. మా కౌంటర్ దగ్గర రోజూ నాలుగైదు భాషలు వినిపిస్తాయి. ఆ మాట విన్నాక నేను కావాలని చెవి పెట్టి వినడం మొదలుపెట్టాను. చెన్నై వాళ్ళు 'వరేన్ను సొన్నాన్' అంటారు. బెంగళూరు వాళ్ళు 'బర్తీని అంత హేళ్ద' అంటారు. ఉత్తరాది వాళ్ళు 'ఉస్నే కహా కి మై ఆవూంగా' అంటారు. అన్నిటిలోనూ వచ్చేది ఆ మూడో మనిషే, అయినా క్రియ మాత్రం 'నేను వస్తాను' అన్నట్టే ఉంటుంది. వస్తానన్నాడు అని మనం అన్నట్టే. మన చుట్టూ ఉన్న భాషలన్నీ ఒక దారిన నడుస్తుంటే ఇంగ్లీషొక్కటే ఇంకో దారిన పోతోంది. మనకు రిపోర్టెడ్ స్పీచ్ కష్టంగా ఉండటానికి కారణం తెలివితక్కువ కాదు, చిన్నప్పటి నుంచి నాలుకకు పట్టిన అలవాటు. ఈ సంగతి తెలిశాక నాకు టెన్షన్ సగం తగ్గింది.

కాలాల కోసం మేడం మూడు తెలుగు మాటలు పట్టుకోమన్నారు. ఖాళీ చేస్తానన్నాడు, ఖాళీ చేస్తున్నానన్నాడు, ఖాళీ చేశానన్నాడు. ఒకటోది 'సెడ్ దట్ హి వుడ్ వెకేట్', రెండోది 'సెడ్ దట్ హి వజ్ వెకేటింగ్', మూడోది 'సెడ్ దట్ హి హ్యాడ్ వెకేటెడ్'. ఏ క్రియ వచ్చినా ముందు ఈ మూడింటిలో ఏదో తేల్చుకుంటే ఇంగ్లీషు దానంతటదే కుదురుతుంది. నేను ఎక్కువసేపు ఆగింది మూడోదాని దగ్గర. గెస్ట్ తాళం పోగొట్టుకున్నానని అన్నాడు. అనడమూ గతమే, పోవడమూ గతమే. ఇంగ్లీషులో ఏది ముందో చూపించాలి. 'హి సెడ్ దట్ హి హ్యాడ్ లాస్ట్ ద కీ' అంటే తాళం ముందు పోయింది, మాట తర్వాత వచ్చింది. మామూలు సంభాషణలో 'హి సెడ్ హి లాస్ట్ ద కీ' అన్నా చెల్లిపోతుందని, ఏది ముందో సందర్భాన్ని బట్టి ఎలాగూ తెలుస్తుందని, పరీక్ష హాల్లో మాత్రం 'హ్యాడ్' వదలొద్దని మేడం చెప్పారు. వుడ్, కుడ్, మైట్, షుడ్ అప్పటికే మారి కూర్చున్నవి, వాటిని కదపనక్కర్లేదు. బలవంతం చెప్పే 'మస్ట్' మామూలుగా 'హ్యాడ్ టు' అవుతుంది. ఇవి చిన్నవి, వాడుతుంటే వచ్చేస్తాయి.

మారనివి ఏవో తెలుసుకోవడం నాకు ఇంకా ఎక్కువ ఉపయోగపడింది. తిరుమలకు ఏడు కొండలున్నాయని డ్రైవర్ చెప్పాడు, అలిపిరి దారిలో 3550 మెట్లున్నాయని చెప్పాడు. ఆయన నిన్న చెప్పినా కొండలు ఇవాళా ఏడే. కాబట్టి 'సెడ్ దట్ దేర్ ఆర్ సెవెన్ హిల్స్' అని అలాగే ఉంచొచ్చు. స్కూల్లో దీన్ని సార్వకాలిక సత్యం అనే పేరుతో, సూర్యుడు తూర్పున ఉదయిస్తాడనే ఉదాహరణతో చెప్పి వదిలేస్తారు. నిజానికి అంత పెద్ద సత్యమే కానక్కర్లేదు. 118లో దిగిన పెద్దావిడ తనకు షుగరుందని చెప్పి, టీలో చక్కెర వెయ్యొద్దన్నారు. 'షి సెడ్ దట్ షి వజ్ డయాబెటిక్' అని రాసినా గ్రామర్ ప్రకారం తప్పులేదు. నేను మాత్రం 'ఈజ్ డయాబెటిక్' అనే రాస్తాను. ఆ లైను చదివి టీ పెట్టే అబ్బాయికి ఆ షుగరు ఇప్పటికీ ఉన్నదే అని తెలియాలి.

రోజు మాటలూ అంతే. ఇవాళ 'రేపొస్తాను' అని ఫోన్ చేసిన మనిషి సంగతి ఇవాళే మేనేజర్‌కి చెబుతుంటే 'హి సెడ్ హి వుడ్ కమ్ టుమారో' అనొచ్చు, రేపింకా రేపే కాబట్టి. 'హియర్' సంగతీ ఇంతే, ఆయన నిలబడిన చోటే నేనూ ఉంటే అది 'దేర్' కానక్కర్లేదు. పట్టికలో బాణం గుర్తు పెట్టి ఇది అదవుతుంది అని మాత్రమే ఉంటుంది, ఎప్పుడు అవ్వదో ఉండదు. ఇక లాగ్‌బుక్ దగ్గరికొస్తే, నా అభిప్రాయంలో 'ద నెక్స్ట్ డే' కంటే కూడా తేదీ వెయ్యడం మేలు. 'ద గెస్ట్ సెడ్ దట్ హి వుడ్ వెకేట్ ఆన్ ద ఫిఫ్టీన్త్'. అర్ధరాత్రి దాటాక ఎవరైనా రేపు అంటే, తేదీ చెప్పండి సార్ అని అక్కడే అడిగేస్తాను.

వేసవి సెలవులకు మేడం మనవడు బెంగళూరు నుంచి వచ్చాడు. తెలుగు అర్థమవుతుంది గానీ ఇంగ్లీషులో చెబితేనే కదులుతాడు. మేడం దాన్ని నాకు అభ్యాసంగా మార్చేశారు. వంటింట్లోంచి ఆవిడ ఒక మాట అంటారు, నేను వరండాలో ఉన్న పిల్లాడికి ఇంగ్లీషులో చేర్చాలి.

"నా కళ్ళద్దాలు ఎక్కడ పెట్టినాడో అడుగు."

"భోజనానికి రమ్మను."

"ఆ ఫోను పక్కన పెట్టమను, లేకుంటే వాళ్ళమ్మకు చెప్తానను."

ఇక్కడ ఇంకో విషయం కుదురుకుంది. ఆవిడ ఇప్పుడే అంటున్నారు, నేను ఇప్పుడే చేరుస్తున్నాను. అప్పుడు 'సెడ్' అవసరం లేదు, 'సేస్' చాలు. 'సేస్' అయితే కాలం వెనక్కి పోదు. 'గ్రాండ్‌మదర్ సేస్ లంచ్ ఈజ్ రెడీ'. కానీ మనుషులు మాత్రం మారతారు. ఆవిడ 'నా కళ్ళద్దాలు' అంటే నేను పిల్లాడితో 'హర్ గ్లాసెస్' అనాలి. 'వాళ్ళమ్మకు' అంటే 'యువర్ మదర్' అనాలి. కాలం ఒకచోట మారుతుంది, మనిషి ఒకచోట మారుతుంది, రెండూ కలిసే మారాలని లేదు అని నోటితో చేస్తేనే తెలిసింది.

ఆజ్ఞలు, అభ్యర్థనలు అన్నిటికంటే సులువుగా వచ్చాయి. కారణం మన దగ్గరే ఉంది. 'రా' అన్నాడు అనడానికి మనం 'రమ్మన్నాడు' అంటాం. 'కూర్చో' అంటే 'కూర్చోమన్నాడు'. 'వెళ్ళొద్దు' అంటే 'వెళ్ళొద్దన్నాడు'. ఇక్కడ తెలుగు కూడా అవతలి మాటను ఉన్నదున్నట్టు తేకుండా రూపం మార్చి తెస్తుంది. రమ్మన్నాడు అంటే 'టోల్డ్ మి టు కమ్', వద్దన్నాడు అంటే 'టోల్డ్ మి నాట్ టు గో'. మర్యాదగా అడిగితే 'ఆస్క్డ్' లేదా 'రిక్వెస్టెడ్'. 'ద గెస్ట్ ఆస్క్డ్ అస్ టు వేక్ హిమ్ అట్ టూ'. రెండింటికి లేపమన్నాడు. ఎవరైనా రిపోర్టెడ్ స్పీచ్ మొదలుపెడితే ముందు ఇక్కడినుంచి మొదలుపెట్టమని చెబుతాను. పుస్తకాల్లో ఇది చివర్లో వస్తుంది, అది నాకు నచ్చదు. తెలుగువాళ్ళకు ఇదే మొదటి మెట్టు కావాలి.

ప్రశ్నల దగ్గర చాలాసేపు పట్టింది. 'వేర్ ఈజ్ ద రెస్టారెంట్?' అని అడిగాడు. చేర్చేటప్పుడు 'హి ఆస్క్డ్ వేర్ ద రెస్టారెంట్ వజ్'. 'వజ్' చివరికి పోవాలి. ప్రశ్న ఇక ప్రశ్న కాదు కాబట్టి ప్రశ్న వరస పోయి మామూలు వాక్యం వరస వస్తుంది, ప్రశ్నార్థకం గుర్తు కూడా పోతుంది. సూత్రం తెలిసినా నాలుక తిరగదు, ఎందుకంటే తెలుగులో ప్రశ్నకూ మామూలు వాక్యానికీ పదాల వరస ఒకటే. మేడం ఇక్కడ మన 'ఓ'ను గుర్తుచేశారు. రెస్టారెంట్ ఎక్కడుందో అడిగాడు. ఎప్పుడొస్తాడో చెప్పలేదు. ఎంతవుతుందో తెలియదు. మనం 'ఉందో', 'వస్తాడో', 'అవుతుందో' అనే చోట ఇంగ్లీషు వరస సర్దుకుంటుంది. అవును కాదు ప్రశ్నలకూ ఇదే దారి. రూములున్నాయో లేవో అడిగారు. ఆ 'ఓ'కు ఇంగ్లీషులో 'ఇఫ్' గానీ 'వెదర్' గానీ పెట్టుకుంటే సరి. 'దే ఆస్క్డ్ వెదర్ వి హ్యాడ్ రూమ్స్'. ఆ తర్వాత నుంచి ఇంగ్లీషు వాక్యానికి ముందు మనసులో తెలుగు వాక్యాన్ని 'ఓ'తో అనుకుని రాసేదాన్ని. కొన్నాళ్ళకు అనుకోవాల్సిన పని కూడా లేకపోయింది.

'సే', 'టెల్' తేడా ఒక్క ముక్కలో చెప్పొచ్చు. తెలుగులో రెండూ 'చెప్పడమే' కాబట్టి 'హి సెడ్ మి', 'హి టోల్డ్ దట్' అని ఇక్కడ అందరి రాతలోనూ కనిపిస్తాయి. 'టోల్డ్' పక్కనే ఎవరికో ఉండాలి. 'సెడ్' పక్కన మనిషి నేరుగా రాకూడదు, రావాలంటే 'టు' కావాలి.

తెలుగుదే పైచేయి అయిన చోటు కూడా ఒకటుంది. 'వస్తానన్నాడు' అంటే చెప్పినవాడే వస్తాడు. 'వస్తాడన్నాడు' అంటే వేరేవాడెవడో వస్తాడు. ఒక్క అక్షరంతో తేలిపోతుంది. ఇంగ్లీషులో రెండూ 'హి సెడ్ హి వుడ్ కమ్' అవుతాయి. లాగ్‌బుక్‌లో ఇది చిన్న విషయం కాదు, రూము ఎవరికివ్వాలన్నది దాని మీదే ఉంటుంది. నేను అలాంటి చోట రెండో 'హి' రాయను. 'సెడ్ దట్ హిజ్ బ్రదర్ వుడ్ కమ్' అనో, నేరుగా పేరు పెట్టో రాస్తాను.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనది, ఎక్కువ ఆలోచింపజేసింది, చెప్పాడు అనడానికి ఏ క్రియ వాడాలన్నది. స్కూల్లో 'సెడ్', 'టోల్డ్', 'ఆస్క్డ్' దాటి వెళ్ళలేదు. 'ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్' లాంటివి నేర్పారు గానీ ఉద్యోగంలో అవి నాకు ఎప్పుడూ పనికిరాలేదు. మేడం ఒక నోటుబుక్కు పెట్టించి తెలుగు వైపు నుంచి రాయించారు. ఒప్పుకున్నాడు, కాదన్నాడు, మాటిచ్చాడు, బతిమాలాడు, హెచ్చరించాడు, గుర్తుచేశాడు, పట్టుబట్టాడు. ఎదురుగా ఇంగ్లీషు క్రియ, దాని తర్వాత ఏమొస్తుందో. 'ప్రామిస్డ్ టు', 'రిఫ్యూజ్డ్ టు', 'వార్న్డ్ మి నాట్ టు', 'డినైడ్ టేకింగ్', 'ఇన్సిస్టెడ్ ఆన్'. ఒక్కో క్రియకు ఒక్కో తోక, వాటిని క్రియతో కలిపే గుర్తుపెట్టుకోవాలి. 'సజెస్ట్' ఒకటి ప్రత్యేకం. డ్రైవర్ ఒకాయన గెస్ట్‌లతో, ఇవాళ శ్రీకాళహస్తి చూసుకుని కాణిపాకం రేపు పోదాం అన్నాడు, ఒకటి తూర్పు, ఒకటి పడమర కాబట్టి. 'పోదాం' అంటే 'సజెస్టెడ్'. మన దగ్గర 'సజెస్టెడ్ దెమ్ టు గో' అని రాసేస్తారు. 'సజెస్టెడ్ గోయింగ్' అనాలి, లేదా 'సజెస్టెడ్ దట్ దే గో' అనాలి. 'టు' కావాలనుకుంటే 'అడ్వైజ్డ్ దెమ్ టు గో' ఉండనే ఉంది.

క్రియ ఎంపిక గ్రామర్‌ని దాటి ఎంత దూరం పోతుందో ఒక రాత్రి తెలిసింది. ఒక కుటుంబం కొండ దిగి వచ్చాక రూములో పెట్టిన డబ్బు కనిపించడం లేదన్నారు. ఆ రూములోకి పగలు టవళ్ళు మార్చడానికి మా హౌస్‌కీపింగ్ అబ్బాయి ఒకసారి వెళ్ళాడు. అడిగితే, వెళ్ళాను మేడం, టవళ్ళు పెట్టి వచ్చేశాను, డబ్బు చూడలేదు అన్నాడు. పొద్దున మేనేజర్ చదివేలా ఇద్దరి మాటా నేను రాయాలి. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

గెస్ట్ మాటకు 'క్లెయిమ్డ్' అని రాయొచ్చు. కానీ ఆ మాటలో, ఆయన అంటున్నాడు గానీ నిజమో కాదో అనే అనుమానం ఉంది. డబ్బు పోయిందనుకుని కంగారుపడుతున్న మనిషిని కాగితం మీద అనుమానించినట్టవుతుంది. అబ్బాయి మాటకు 'అడ్మిటెడ్ దట్ హి హ్యాడ్ ఎంటర్డ్ ద రూమ్' అని రాయొచ్చు. వెళ్ళింది నిజమే, వెళ్ళానని చెప్పిందీ నిజమే. కానీ 'అడ్మిటెడ్' అంటే తప్పును ఒప్పుకోవడం. టవళ్ళు మార్చడం అతని పని, దాంట్లో ఒప్పుకోవడానికేముంది? 'డినైడ్ టేకింగ్ ద మనీ' అన్నా అంతే, అతన్ని ఎవరో నిందించినట్టు, అతను కాదన్నట్టు వస్తుంది. అప్పటికి అతన్ని ఎవరూ నిందించలేదు. చివరికి ఇద్దరికీ 'సెడ్' అనే రాశాను. 'ద గెస్ట్ సెడ్ దట్ ద మనీ హి హ్యాడ్ లెఫ్ట్ ఇన్ ద రూమ్ వజ్ మిస్సింగ్'. 'ద బాయ్ సెడ్ దట్ హి హ్యాడ్ గాన్ ఇన్ టు చేంజ్ ద టవల్స్ అండ్ హ్యాడ్ నాట్ సీన్ ఎనీ మనీ'. మర్నాడు ఆ డబ్బు వాళ్ళ కారులోనే, వేరే సంచిలో దొరికింది. దొరక్కపోయినా నేను రాసిన లైన్లలో మార్చాల్సింది ఏమీ ఉండేది కాదు.

ఆ రాత్రి నుంచి 'సెడ్' మీద నాకు గౌరవం పెరిగింది. రకరకాల క్రియలు నేర్చుకోవడం వేరు, ఎక్కడ వాడకూడదో తెలుసుకోవడం వేరు. గీజరు పనిచేయడం లేదని గెస్ట్ మామూలుగా చెప్పి వెళ్తే 'సెడ్' అంటాను. అదే విషయం మళ్ళీ వచ్చి గట్టిగా అడిగితే అప్పుడు 'కంప్లెయిన్డ్' అంటాను. ఆ మాట ఉంటే మేనేజర్ లేచి వెళ్తారు, కాబట్టి దాన్ని ఊరికే వాడి పలచన చేయకూడదు.

'అంట' గురించి కూడా చెప్పాలి. దారిలో కొండ చరియ పడిందంట, బస్సులు లేటంట అని మనం రోజూ అంటుంటాం. చెప్పిందెవరో తెలియదు, లేదా చెప్పనవసరం లేదు. దీన్నే మన దక్షిణాది ఇంగ్లీషులో 'బసెస్ ఆర్ లేట్, ఇట్ సీమ్స్' అంటాం. మాటల్లో నేనూ అంటాను, అందరికీ అర్థమవుతుంది. కానీ బయటివాళ్ళు 'ఇట్ సీమ్స్' అంటే నాకే అలా అనిపిస్తోందనుకుంటారు, ఎవరో చెబితే విన్నాననుకోరు. రాతలో అందుకే ఎవరు చెప్పారో పెట్టేస్తాను. 'ద డ్రైవర్ సెడ్ దట్ ద బసెస్ వర్ లేట్'. ఎవరో తెలియకపోతే 'వి హర్డ్ దట్' అంటాను. పేరున్న వార్తను చదివినవాళ్ళు ఫోన్ చేసి కనుక్కోగలరు. పేరులేని 'అంట'ను పట్టుకుని ఎవరిని అడుగుతారు?

ఈ మధ్య రిసెప్షన్‌కి కొత్తగా ఒక అమ్మాయి చేరింది, చంద్రగిరి వైపు నుంచి వస్తుంది. "అక్కా, లాగ్‌బుక్ అంటే భయంగా ఉంది" అంది. పని తక్కువగా ఉండే రాత్రి పన్నెండు, ఒంటిగంట మధ్య కూర్చుని చెబుతున్నాను. పట్టిక ఇవ్వలేదు. రమ్మన్నాడు, వద్దన్నాడు అయిపోయాయి. చేస్తానన్నాడు, చేశానన్నాడు నడుస్తున్నాయి. ఉందో లేదో వచ్చే వారం చెబుదామనుకుంటున్నాను. పాత రిజిస్టర్లలో పేర్లు కనిపించకుండా చేసి నాలుగు పేజీలు జిరాక్స్ తీశాను. వాటిలో ప్రతి 'టుమారో' కిందా గీత గీసి, అది ఏ తేదీయో పక్కన రాసుకు రమ్మన్నాను.